ఒకే నది, రెండు గట్లు: మన కేసు ఏ కోర్టుకు పోతుంది?

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే. దోర్నాల దాటి ఘాటు ఎక్కితే సిగ్నల్ ఉండదు కాబట్టి బస్సులో చదివేవాళ్లు ముందే తెరిచి పెట్టుకోండి.

కుల ధ్రువపత్రాల పని మీద సుండిపెంట దగ్గర ఒక గూడెంలో కూర్చున్నప్పుడు ఒక చెంచు పెద్దాయన మమ్మల్ని ఒక మాట అడిగాడు. "మీరంతా సదువుకున్నోళ్లు గదా నాయనా. నా కూతుర్ని నది అవతల, మన్ననూరు దిక్కు ఇచ్చినా. వాళ్ల భూమి బయటోడు కొంటే చెల్లదంట. మాకేమో అట్లాంటిది లేదంటాండారు. ఒకే కులం, ఒకే అడవి, ఒకే మల్లయ్య. కోర్టుకు పోతే మాక్కూడా ఆ చట్టం ఇస్తారా?"

మాలో ఇద్దరు లా చదువుతున్నారు. అయినా ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. "హైకోర్టులో రిట్ వేయొచ్చు తాతా" అని ఏదో అనేశాం. తర్వాత చదివితే తెలిసింది, మేం చెప్పింది తప్పు. ఆయన అడిగింది ఏ కోర్టూ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో తెలియాలంటే కోర్టుల సంగతీ తెలియాలి, 1950 జనవరి 26న గీసిన ఒక గీత సంగతీ తెలియాలి.

ముందు కోర్టుల సంగతి. సినిమాలు చూసి, అమెరికా వార్తలు చదివి మనలో చాలామంది కేంద్రానికి వేరే కోర్టులు, రాష్ట్రానికి వేరే కోర్టులు ఉంటాయనుకుంటారు. అమెరికాలో అట్లాగే ఉంటాయి. అక్కడ ఫెడరల్ చట్టాలకు ఫెడరల్ కోర్టులు, రాష్ట్ర చట్టాలకు రాష్ట్ర కోర్టులు, రెండూ వేర్వేరు నిచ్చెనలు. ఆదివాసీ తెగలకు సొంత కోర్టులు కూడా ఉన్నాయి, అది మూడో నిచ్చెన. మన దేశంలో ఉన్నది ఒక్కటే నిచ్చెన. పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టమైనా, మన అసెంబ్లీ చేసిన చట్టమైనా కింద విచారించేది అదే మెజిస్ట్రేటు, అదే జిల్లా జడ్జి. పైన హైకోర్టు, ఆ పైన సుప్రీంకోర్టు. బ్రిటిష్ వాళ్లు 1935 చట్టం కింద ఢిల్లీలో ఫెడరల్ కోర్టు అని ఒకటి పెట్టారు. 1937 అక్టోబరు 1న మొదలై, 1950లో సుప్రీంకోర్టు వచ్చేదాకా నడిచింది. పేరులో ఫెడరల్ ఉన్నా దాని కింద వేరే ఫెడరల్ కోర్టుల వరస లేదు. దాని మీద కూడా లండన్‌లో ప్రివీ కౌన్సిల్ కూర్చుని ఉండేది.

మన జిల్లా వరకు చూస్తే ఈ నిచ్చెనలో కింది మెట్లు పెద్దగా మారలేదు, పై మెట్టే మారుతూ వచ్చింది. కర్నూలు నవాబును కంపెనీ వాళ్లు 1839లో దించేశారు. 1858లో కర్నూలు మామూలు కలెక్టరు జిల్లా అయింది. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయితే, హైకోర్టు 1954 జులైలో గుంటూరులో పెట్టారు. 1956లో అది హైదరాబాదుకు పోయింది. 2019 జనవరి 1 నుంచి అమరావతి. నల్లమలలో మన పూర్వీకులు ఉన్నచోటే ఉన్నారు, హైకోర్టే మద్రాసు, గుంటూరు, హైదరాబాదు, అమరావతి తిరిగింది. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు రెండింట్లో ఒకటి రాయలసీమకు అని రాసుకున్నారు. 2024 నవంబరులో అసెంబ్లీ కర్నూలులో హైకోర్టు బెంచి కోరుతూ తీర్మానం చేసింది. తీర్మానం చేసినంత మాత్రాన బెంచి రాదు, కేంద్రం, హైకోర్టు కూడా ఒప్పుకోవాలి. ఇవన్నీ లాయర్ల గొడవలు అనుకోవద్దు. శ్రీశైలం నుంచి కర్నూలే 180 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని అమరావతి దాకా పోయే గూడెం మనిషి ఎవరున్నారు?

కింది మెట్లు మనకు తెలిసినవే. ఆళ్లగడ్డలో, ఆత్మకూరులో జూనియర్ సివిల్ జడ్జి కోర్టులున్నాయి. పొలం గట్టు తగాదా వచ్చినప్పుడు సివిల్ జడ్జిగా కూర్చునే ఆయనే, అడవిలో పట్టుకొచ్చారని ఎవరినైనా నిలబెడితే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటుగా కూర్చుంటాడు. ఆ మెజిస్ట్రేటు మూడేళ్లకు మించి జైలు వేయలేడు. అంతకన్నా పెద్ద నేరమైతే సెషన్స్ కోర్టుకు పోతుంది. సెషన్స్ జడ్జి ఏ శిక్ష అయినా వేయొచ్చు కానీ, ఉరి వేస్తే హైకోర్టు ఖాయం చేయాల్సిందే. పోలీసులైనా, ఫారెస్టు వాళ్లైనా మనిషిని పట్టుకున్నాక 24 గంటల్లో, దారి టైము తీసేసి, మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. చెక్‌పోస్టు కాడ రెండు రోజులు కూర్చోబెట్టి "రాసుకుంటున్నాం" అంటే కుదరదు. ఈ ఒక్క ముక్క ప్రతి గూడెంలో, ప్రతి తండాలో ఒక్కరికన్నా తెలిసుండాలి.

మరి హైకోర్టుకు నేరుగా ఎప్పుడు పోవచ్చు? దీనికి మన ఆళ్లగడ్డ పక్కనే మంచి ఉదాహరణ ఉంది. అహోబిలం. నరసింహస్వామి మన చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు కాబట్టి ఈ కేసు మన ఇంటి కేసే అనుకోండి. అక్కడి గుడికి రాష్ట్ర ప్రభుత్వం కార్యనిర్వహణాధికారిని నియమించింది. గుడి మఠంలో భాగం, నియమించే అధికారం మీకు లేదు అని హైకోర్టులో రిట్లు పడ్డాయి. ఆళ్లగడ్డ కోర్టుకు, నంద్యాల కోర్టుకు పోలేదు. ఎందుకంటే ఇక్కడ ప్రశ్న ఫలానా గది ఎవరిది అని కాదు, ప్రభుత్వానికి ఆ అధికారం ఉందా అని. అట్లాంటి ప్రశ్నకు రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టే తలుపు. 2022 అక్టోబరులో ప్రభుత్వానికి ఆ అధికారం లేదని హైకోర్టు చెప్పింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు పోయింది. 2023 జనవరి 27న సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. అట్లా ఊరి గుడి గొడవ రెండే మెట్లలో ఢిల్లీలో తేలింది. వాళ్లకు మంచి లాయర్లున్నారు, డబ్బుంది, అది వేరే సంగతి. కానీ దారి మాత్రం అందరికీ అదే దారి.

ఇంకో విషయం. ప్రాథమిక హక్కు పోతే 32 కింద నేరుగా సుప్రీంకోర్టుకే పోవచ్చు. అయితే చాలాసార్లు వాళ్లు ముందు హైకోర్టుకు పొమ్మంటారు. పైగా 226 ఇంకా వెడల్పైన తలుపు. ప్రాథమిక హక్కులకే కాదు, మామూలు చట్టం ఇచ్చిన హక్కుకు కూడా పనికొస్తుంది. సుప్రీంకోర్టు పెద్దది కాబట్టి అన్నిట్లో దానికే ఎక్కువ అధికారం అనుకోవడం పొరపాటు.

దానికి లేని అధికారం ఒకటి మన కళ్లెదురుగా శ్రీశైలం డ్యామే చూపిస్తుంది. రెండు రాష్ట్రాలు కొట్టుకుంటే, లేదా రాష్ట్రం, కేంద్రం కొట్టుకుంటే 131 కింద నేరుగా సుప్రీంకోర్టే వినాలి, ఇంకే కోర్టూ వినకూడదు. కానీ నది నీళ్ల తగాదా అయితే 262 అధికరణం దాన్ని సుప్రీంకోర్టు నుంచి కూడా తీసేసేందుకు పార్లమెంటుకు వీలిచ్చింది, 1956 చట్టంతో పార్లమెంటు తీసేసింది. అందుకే కృష్ణ నీళ్ల పంపకం 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ చేసింది. 2021లో తెలంగాణ కరెంటు కోసం శ్రీశైలం నీళ్లు వాడేస్తోందని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు పోతే, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్నని, మధ్యవర్తిత్వంతో తేల్చుకోండని అన్నారు, తర్వాత ఆ కేసు నుంచి తప్పుకున్నారు. నీళ్ల కోసం రెండు రాష్ట్రాలు ఇంత పోరాడుతున్నాయి గదా. ఆ డ్యాము కింద మునిగిన ఊళ్లు సుమారు వంద. అందులో మునిగినవాళ్ల పరిహారం కేసులు ఎంతకాలం నడిచాయో మీ ఇంట్లో పెద్దోళ్లను అడగండి.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకొద్దాం. నదికి అటువైపు ఉన్న చట్టం ఇటువైపు ఎందుకు లేదు?

దీని మూలం కూడా 1839లోనే ఉంది. కర్నూలు నవాబును దించిన ఆ ఏడాదే కంపెనీ ఇంకో చట్టం చేసింది. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులు పనిచేయవు, అక్కడ సివిల్ అయినా క్రిమినల్ అయినా కలెక్టరే ఏజెంటుగా చూసుకుంటాడు అని. ఏజెన్సీ అనే మాట అట్లా వచ్చింది. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. గంజాం, విశాఖ ఏజెన్సీలు, భద్రాచలం, రంప వైపు కొండలు జాబితాలోకెక్కాయి. నల్లమల ఎక్కలేదు. మన అడవికి మాత్రం 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఈ అడవిని రిజర్వు చేస్తున్నాం, హక్కులున్నోళ్లు గడువులోగా అటవీ సెటిల్‌మెంటు అధికారి ముందుకొచ్చి చెప్పుకోండి అని గెజిట్‌లో వేస్తారు. తేనె తీసుకుని, గడ్డలు తవ్వుకుని బతికే మనిషి గెజిట్ ఎక్కడ చదువుతాడు? గడువు దాటితే హక్కు పోయినట్టే. ఉత్తరాన కొండలకు వేరే పాలన, మన కొండలకు వేరే అటవీ శాఖ. అక్కడే దారి చీలిపోయింది.

ఏజెన్సీలో మామూలు కోర్టులు లేకపోవడం రక్షణా, శిక్షా? మా మధ్య దీని మీద గట్టిగానే వాదన జరిగింది. రక్షణే అనేవాళ్ల మాట ఏంటంటే, షావుకార్లు మైదానంలో కోర్టుకు పోయి డిక్రీలు తెచ్చుకుని కొండల్లో భూములు లాక్కునేవాళ్లు, ఆ దారి కొంత మూసుకుపోయింది. 1917లో ఏజెన్సీ భూబదిలీ చట్టం కూడా అందుకే వచ్చింది. శిక్షే అనేవాళ్ల మాట, పన్ను వేసేదీ, పోలీసును పంపేదీ, తీర్పు చెప్పేదీ ఒకే దొర అయితే ఇంక మొరపెట్టుకునేది ఎవరికి? రెండూ నిజమే అని మాకనిపిస్తుంది. కానీ మన వైపు ఎరుకల, సుగాలి కుటుంబాల అనుభవం చూస్తే రెండో మాటే బరువుగా ఉంటుంది. 1871 నేరస్థ జాతుల చట్టంలో ఒక సెక్షన్ ఉంది. ఫలానా తెగ నేరస్థ జాతి అని ప్రభుత్వం నోటిఫై చేస్తే, అది చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టిన బిడ్డ కూడా ఏ నేరమూ చేయకుండానే జాబితాలో పడిపోయేది. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అప్పుడే వచ్చాయి. కోర్టు తలుపు మీద "మీకు లేదు" అని చట్టమే రాసి పెట్టిన కాలం అది. 1952 ఆగస్టు 31న దేశమంతా ఆ చట్టం పోయింది. 1956లో సుగాలి, ఎరుకల, యానాది తెగలు ఆంధ్రలో ఎస్టీ జాబితాలోకి వచ్చాయి. ఆగస్టు 31 మన తాతముత్తాతల విడుదల రోజు. మన హాస్టళ్లలో ఆ రోజు ఎందుకు గుర్తు చేసుకోమో తెలియదు.

సరే, గీత. 1935 చట్టం కింద పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు అని మళ్లీ ఒక జాబితా చేశారు, పాత జాబితా చూసే చేశారు. రాజ్యాంగం అమలైన రోజునే, 1950 జనవరి 26న, రాష్ట్రపతి షెడ్యూల్డు ప్రాంతాల ఉత్తర్వు ఇచ్చారు. మద్రాసు రాష్ట్రంలో విశాఖ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి ఏజెన్సీలు అందులోకొచ్చాయి. కర్నూలు, గుంటూరు వైపు నల్లమల రాలేదు.

నదికి అటు గట్టున కథ వేరు. అది నిజాం రాజ్యం. క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940ల మొదట్లో అమ్రాబాద్ కొండల మీద చెంచులతో ఉండి పుస్తకం రాశాడు, వాళ్లకు రిజర్వు ఉండాలని నిజాం ప్రభుత్వానికి సిఫారసు చేశాడు. అదే సమయంలో కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల ప్రాంతంలో కూడా ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. హైదరాబాదు రాజ్యంలో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రెగ్యులేషన్లు వచ్చాయి. 1950 డిసెంబరు 7 నాటి రెండో ఉత్తర్వులో హైదరాబాదు రాష్ట్రపు షెడ్యూల్డు ప్రాంతాలు చేరినప్పుడు, మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ వైపు చెంచు గ్రామాలు కూడా చేరాయి. పాతాళగంగలో పడవ ఎక్కితే అవతలి గట్టు కనిపిస్తూనే ఉంటుంది. ఆ నీళ్ల మధ్యలోంచే ఈ గీత పోతుంది.

గీత లోపల ఉంటే ఏమొస్తుంది? మొదట 1/70. 1959 భూబదిలీ రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు పొడిగించారు, 1970లో గట్టిగా సవరించారు. అక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఇది సరైనదే అంది. ఈ కేసులు మామూలు సివిల్ కోర్టుకు పోవు. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు, ఆ పైన ఏజెంటు, ప్రభుత్వం, తర్వాత హైకోర్టు. రెండోది పెసా చట్టం, గ్రామసభ అధికారాలు. మూడోది సమత తీర్పు. అనంతగిరి మండలంలో బొర్రా గుహల చుట్టుపక్కల భూముల్లో మైనింగ్ లీజులు ఇచ్చారని సమత సంస్థ హైకోర్టుకు పోయి ఓడిపోయింది. ఓడినా సుప్రీంకోర్టుకు పోయింది. 1997 జులై 11న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి కిందే లెక్క, కంపెనీకి భూమి లీజుకివ్వడం చెల్లదు అన్నారు. ఒక్క జడ్జి తేడాతో వచ్చిన తీర్పు అది. ఇదంతా గీత లోపలే. సుండిపెంట, పెచ్చెరువు, బైర్లూటి, అహోబిలం గూడేలకు ఇందులో ఏదీ రాదు.

మరి కోర్టు గీతను జరపలేదా? జరపలేదు. అయిదో షెడ్యూల్ ఆరో పేరా ఆ అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. కోర్టు గీత లోపల చట్టం ఎట్లా నడవాలో చెబుతుంది, కొత్త గీత గీయదు. ఎస్టీ జాబితా విషయంలోనూ అంతే. 2000లో మిలింద్ కేసులో సుప్రీంకోర్టు ఖరాఖండీగా చెప్పింది, జాబితాలో ఒక పేరు కలపాలన్నా తీయాలన్నా పార్లమెంటే, కోర్టులు ఒక అక్షరం కూడా మార్చకూడదు. మీ ధ్రువపత్రం నిజమా అబద్ధమా అని కమిటీ విచారించొచ్చు, కోర్టు ఆ విచారణను చూడొచ్చు. తెగను జాబితాలో చేర్చమని మాత్రం కోర్టుకు పోయి లాభం లేదు.

ఇక్కడ మాకు నిజంగా బాధేసిన సంగతి ఒకటుంది. మొదట్లో షెడ్యూల్డు ప్రాంతాన్ని పెంచే వీలు రాష్ట్రపతికి కూడా దాదాపు లేదు. 1976లో అయిదో షెడ్యూల్‌ను సవరించి, గవర్నరుతో సంప్రదించి పెంచొచ్చు అన్నారు. వెంటనే 1977 డిసెంబరు 31న బీహారు, గుజరాత్, మధ్యప్రదేశ్, ఒడిశాలకు కొత్త ఉత్తర్వు వచ్చింది, గిరిజన ఉపప్రణాళిక ప్రాంతాలకు సరిపోయేలా అక్కడ షెడ్యూల్డు ప్రాంతాలను సవరించారు. 1981లో రాజస్థాన్. సరిగ్గా ఆ రోజుల్లోనే చెంచులను ఆదిమ తెగగా గుర్తించి, వాళ్ల కోసమే శ్రీశైలంలో ఐటీడీఏ పెట్టారు. అంటే ఈ అడవిలో చెంచులున్నారని, వాళ్లకు ప్రత్యేక రక్షణ కావాలని ప్రభుత్వం ఒప్పుకుంది. ఆఫీసు ఇచ్చింది, నిధులిచ్చింది. గీత మాత్రం ఇవ్వలేదు. 1978లో ఇదే అడవి అభయారణ్యమైంది, 1983లో పులుల రిజర్వు అయింది. పులికి హద్దులు గీయడానికి అయిదేళ్లు పట్టింది, మనిషికి ఇంకా గీయలేదు. పులి మీద మాకేం కోపం లేదు, చెంచు ఏ రోజూ పులిని శత్రువుగా చూడలేదు. మాట వచ్చింది కాబట్టి అన్నాం.

అయితే గీత బయట ఉన్నోళ్లకు ఏమీ లేదా? ఉంది. ఇదే ఈ పోస్టులో గట్టిగా పట్టుకోవాల్సిన భాగం. 2006 అటవీ హక్కుల చట్టానికి గీతతో పనిలేదు. అడవిలో ఉండే ఎస్టీ ఎవరైనా, ఎక్కడున్నా వర్తిస్తుంది. దరఖాస్తు గ్రామసభకు, అక్కడి నుంచి సబ్ డివిజన్ కమిటీకి, తర్వాత కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది. కింద కొట్టేస్తే 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవాలి. కొట్టేస్తే కారణం రాతలో ఇవ్వాలని 2012 సవరణ నియమాల్లో ఉంది. జిల్లా కమిటీ నిర్ణయమే ఆఖరిది అని చట్టం అంటుంది, కానీ దాని మీద 226 కింద హైకోర్టుకు పోవచ్చు. కారణం రాతలో లేకపోవడమే మంచి వాదన అవుతుంది. చెంచులకు ఇంకో ప్రత్యేక హక్కు కూడా ఉంది. ఆదిమ తెగలకు తమ మొత్తం నివాస ప్రాంతం మీద సామూహిక హక్కు అని మూడో సెక్షన్‌లోనే రాశారు. పులుల రిజర్వు అయినా హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఖాళీ చేయించకూడదు.

ఈ చట్టం కూడా ఒకసారి మన చేతుల్లోంచి జారబోయింది. వన్యప్రాణి సంఘాలు వేసిన కేసులో 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించిన వాళ్లను అడవి నుంచి పంపేయాలని రాష్ట్రాలకు చెప్పింది. దేశమంతా గొడవైంది, కేంద్రం మళ్లీ కోర్టుకు పోయింది, 28న అదే కోర్టు తన ఉత్తర్వును ఆపింది. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో తిరస్కరణ కాగితం కూడా అందని కుటుంబాల పేర్లు ఖాళీ చేయాల్సినవాళ్ల లెక్కలో ఉన్నాయి. ఇదే సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న నియమ్‌గిరి కేసులో, కొండ మీద తవ్వాలా వద్దా అనేది డొంగ్రియా కొంధుల గ్రామసభలు తేల్చాలంది. 12 గ్రామసభలూ వద్దన్నాయి, మైనింగ్ ఆగింది. కోర్టు మనకు మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్లకు ఈ రెండు తేదీలూ చూపిస్తున్నాం.

జీవో 3 సంగతి మీరే అడుగుతారని తెలుసు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఇచ్చిన జీవోను 2020 ఏప్రిల్ 22న అయిదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. వంద శాతం కుదరదు, గవర్నరు అధికారం కూడా రాజ్యాంగానికి లోబడే ఉంటుంది అంది. అప్పటికి చేరినవాళ్ల ఉద్యోగాలు ఉంచింది. మన సుండిపెంట తమ్ముళ్లకు ఆ జీవో ఎప్పుడూ వర్తించలేదు, వాళ్లకు పోయింది కూడా ఏమీ లేదు. పోగొట్టుకోవడానికి కూడా గీత లోపల ఉండాలి!

గెలిచిన తీర్పు కాగితం మీదే ఆగిపోవడం మనకొక్కరికే కాదు. 1832లో అమెరికా సుప్రీంకోర్టు వూస్టర్ కేసులో, చెరోకీల నేల మీద జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని చెప్పింది. ఫెడరల్ కోర్టు, రాష్ట్రం మీద, ఆదివాసీల పక్షాన. అయినా ఆరేళ్లకే, 1838లో, సైన్యం వాళ్లను ఇళ్లల్లోంచి లేపి పడమటికి నడిపించింది. దారిలో వేలమంది చనిపోయారు. కోర్టుకు సైన్యం ఉండదు. అదే అమెరికాలో 2020లో మెక్‌గర్ట్ కేసులో, ఓక్లహోమా తూర్పు భాగంలో క్రీక్ తెగ రిజర్వేషన్ ఎప్పుడూ రద్దు కాలేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత ఒప్పంద కాగితాలే ఆ కేసులో బలం.

కాగితాల దగ్గరే మనోళ్లు ఓడిపోతున్నారు. పోయిన నెల ఒక గూడెంలో చూస్తే, అటవీ హక్కుల దరఖాస్తు పెట్టి ఏళ్లయింది, ఇచ్చినట్టు రసీదు లేదు, కొట్టేశారని నోటిమాట తప్ప కాగితం లేదు. పెద్దాయన పెట్టెలోంచి తీసి చూపించింది ఒక పాత రేషన్ కార్డు, వర్షానికి తడిసిన ఒక సర్వే చీటీ.

లాయరు ఫీజుకు భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఆళ్లగడ్డ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ప్రతి మెట్టు దగ్గర న్యాయసేవల కమిటీ ఉంటుంది. ఫోను నంబరు 15100. అట్రాసిటీ కేసైతే ప్రత్యేక కోర్టు చార్జిషీటు పడ్డాక రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టంలో ఉంది, బాధితులకు, సాక్షులకు దారి ఖర్చులు ఇవ్వాలని నియమాల్లో ఉంది. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

పెద్దాయన దగ్గరికి మళ్లీ పోయి చెప్పాం. "తాతా, నీ అల్లుడి చట్టం కోర్టు ఇయ్యలేదు. అది గవర్నరు, రాష్ట్రపతి కాడ ఉంది. నీ దరఖాస్తు సంగతికైతే మాత్రం కోర్టుకు పోవచ్చు." ఆయన కాసేపు ఆలోచించి, "అయితే రెండు తావులకూ పోవాల్నన్నమాట" అన్నాడు.

అందుకే ఈ పని మొదలుపెడుతున్నాం. శ్రీశైలం, ఆత్మకూరు, వెలుగోడు, రుద్రవరం, ఆళ్లగడ్డ మండలాల గూడేల్లో అటవీ హక్కుల దరఖాస్తు పెట్టినవాళ్ల పేరు, పెట్టిన ఏడాది, రసీదు ఉందా లేదా, తిరస్కరణ రాతలో వచ్చిందా లేదా రాసుకుని ఒక లిస్టు చేయాలి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేవాళ్లు ఒక్కో గూడెం తీసుకోండి. ఎవరి ఆధార్ నంబరూ ఫోటో తీసి గ్రూపులో పెట్టొద్దు, నోట్‌బుక్‌లో రాసి తెస్తే చాలు.